గడప దగ్గర ఆగిపోయిన చట్టం

(బైరాన్‌పల్లి అమరుల స్మృతిలో ధూళిమిట్టలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



1948 ఆగస్టు 27 తెల్లవారుజామున బైరాన్‌పల్లి మీద ఏం జరిగిందో ఈ ప్రాంతం వాళ్లకు నేను వచ్చి చెప్పవలసిన పని లేదు. బురుజు మీద కావలి కాసి, వడిసెలలతో, నాటు తుపాకులతో అంతకుముందు, నిజాం అండతో ఊళ్ల మీద పడే రజాకార్లను వెనక్కి తరిమిన ఊరు, ఆ రోజు ఫిరంగుల ముందు నిలవలేకపోయింది. మూడు వారాలు గడిచాయో లేదో, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. అమరుల గురించి ఏటా చెప్పుకుంటున్నాం, చెప్పుకోవాలి. మిగిలిపోయినవాళ్ల గురించి అంతగా చెప్పుకోం. ఒక్క పొద్దుటిలో పెనిమిటినో, కొడుకునో, ఇద్దరినీనో పోగొట్టుకొని, ఆ తర్వాత ముప్పై నలభై ఏళ్లు బతికి, ఇక్కడే ముసలివాళ్లయిన ఆడవాళ్లున్నారు. వాళ్ల చివరి రోజులు ఎవరి వాకిట్లో గడిచాయో, ఎట్లా గడిచాయో ఏ స్తూపం మీదా రాసి ఉండదు. విషయం నీ ఇష్టమని నిర్వాహకులు అన్నప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు. అందుకని ఈ రోజు పోరాటం గురించి కాకుండా ముసలితనం గురించి మాట్లాడతాను. ముసలివాళ్లను హింస నుంచి, నిర్లక్ష్యం నుంచి కాపాడే పనిలో ఉన్నవాళ్ల చేతికి చట్టం ఏమిచ్చింది, ఏమివ్వలేదు అన్నదే నా విషయం.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ముసలివాళ్ల కోసం మన దేశంలో చట్టం ఉంది. అది చేతకాని చట్టం కాదు. కాకపోతే ముసలివాళ్లే నడిచి తన దగ్గరికి రావాలని అది ఆఫీసులో కూచుంది. ముసలివాళ్ల దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల చేతిలో చట్టం లేదు. వాళ్లకు పెద్ద పెద్ద అధికారాలు అక్కర్లేదు. ఆ మనిషిని కళ్లారా చూసే అధికారం, ఎవరూ పక్కన లేకుండా మాట్లాడే అధికారం, చూసింది రాస్తే ఆ రాతకు విలువ ఉండే అధికారం, ఈ మూడు చాలు.

ఆశక్క చూసింది

ఒక ఇల్లు అనుకుందాం. పేరెందుకు, ఏ ఊళ్లోనైనా ఉండే ఇల్లే. ముగ్గురు కొడుకులు. తండ్రి పోయాక పెద్దమనుషులు కూచొని తల్లికి వంతులు వేశారు, తలా నాలుగు నెలలు. ఒక కొడుకు హైదరాబాదులో కంపెనీకి పోతాడు, ఇంకొకడు దుబాయిలో ఉన్నాడు. వాళ్ల వంతు కూడా ఊళ్లో ఉన్న నడిపివాడి మీదే పడింది. అవ్వ మంచం గొడ్ల కొట్టంలోకి మారింది.

నెలకోసారి బీపీ గోళీలు ఇచ్చే ఊరి ఆశా కార్యకర్త, అందరూ పిలిచే ఆశక్క, వచ్చింది.

"అవ్వా, పొద్దున ఏం తిన్నవే?"

అవ్వ నోరు విప్పేలోపు వాకిట్లోంచి కోడలు అందుకుంది. "తినకేం, గిప్పుడే పెట్టిన. మా అత్తకు ఏం తక్కువ చేసినం?"

అవ్వ వాకిలి దిక్కు ఒకసారి చూసి, "తిన్న బిడ్డా. మంచిగనే సూస్కుంటున్నరు" అంది.

ఆశక్కకు చెవులతో పాటు కళ్లు కూడా ఉన్నాయి. నులక తడిగా ఉంది. మడమ మీద పుండు ముదిరింది. పోయిన నెల ఇచ్చిన గోళీల షీటు చూరులో దోపి అట్లాగే ఉంది, ఒక్క గోళీ కూడా విప్పలేదు. చేయి పట్టుకొని చూస్తే మణికట్టు దగ్గర కమిలిన గుర్తు. నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను వేలిముద్ర పెట్టి తీసుకునేది అవ్వే, అది చేతిలో ఉండేది వాకిలి దాటేంతవరకే.

ఇప్పుడు ఆశక్క ఏం చేయాలి? "నువ్వు కొంచెం పక్కకు పోమ్మా, అవ్వతో మాట్లాడాలె" అనే హక్కు ఆమెకు లేదు. అన్నదే అనుకోండి, "మా ఇంట్ల ముచ్చట నీకెందుకు?" అన్న జవాబుకు ఆమె దగ్గర ఎదురు మాట లేదు. ఎవరికైనా చెబితే రేపు ఆ ఇంటివాళ్లు, ఆ ఇంటి పాలోళ్లు ఆమెతో మాటలు బంద్ పెడతారు. ఆమె ఉండేదీ ఆ వాడకట్టులోనే. జీతం కూడా లేదు, పనికింత అని వచ్చే పారితోషికమే. పుండుకు మందు రాసి, షీటు విప్పి ఒక గోళీ నోట్లో వేసి ఆమె పక్కింటికి వెళ్తుంది. ఆమె చూసిందంతా ఆమెతోనే వెళ్లిపోతుంది.

ఆశక్క బదులు అంగన్‌వాడీ టీచరును, పంచాయతీ కార్యదర్శిని, పింఛను పంచే పోస్టు మనిషిని పెట్టి చూడండి. కథ మారదు.

కాగితం మీద ఉన్నది

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 2007 డిసెంబరులో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని ఆమోదించింది. 60 ఏళ్లు నిండిన పౌరులెవరైనా దీని కిందికి వస్తారు. తల్లిదండ్రులకైతే ఆ వయసు నిబంధన కూడా లేదు. కొడుకులు, కూతుళ్లు, మేజర్లయిన మనవలు, మనవరాళ్లు పోషించాలి. పిల్లలు లేనివారిని, వారి ఆస్తి అనుభవిస్తున్న బంధువు లేదా రేపు ఆ ఆస్తి అందుకోబోయే బంధువు పోషించాలి. ఆర్డీవో హోదాకు తగ్గని అధికారి ట్రిబ్యునల్‌గా కూచుంటాడు. లాయరును పెట్టుకోవలసిన పని లేదు. ఎదుటివారికి నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఒక్కసారి 30 రోజులు పొడిగించుకోవచ్చు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించవచ్చు. ఇవ్వకుండా మొండికేస్తే నెల రోజుల దాకా జైలు. తీర్పు నచ్చకపోతే జిల్లా కలెక్టరు దగ్గర అప్పీలు. ముసలివాళ్లను వదిలించుకోవాలనే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేసిపోతే 24వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ నేరంలో పోలీసులు వారంటు లేకుండానే కేసు చేపట్టవచ్చు.

చట్టం రాసినవాళ్లు ఒక మంచి పని చేశారు. 5వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఆ ముసలి మనిషే ఇవ్వాలని లేదు. చేతకాకపోతే తాను అనుమతించిన మనిషి చేత గానీ సంస్థ చేత గానీ ఇప్పించవచ్చు. అదీ లేకపోతే ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టవచ్చు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పోలీసులకూ ఒక పని ఉంది. ఈ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాల్లో, ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిలోని వయోవృద్ధుల జాబితా ఉంచుకోవాలని, ఒంటరిగా ఉండేవాళ్ల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలని ఉంది. ఒక పోలీసు, ఒక సామాజిక కార్యకర్త లేదా వలంటీరు కలిసి నెలకొక్కసారైనా ఆ ఇళ్లకు వెళ్లి రావాలట. ఆలోచన బాగుంది. కాకపోతే మన అవ్వ ఆ ప్రత్యేక జాబితాలోకి ఎక్కదు. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు ఉన్న ఇల్లు కదా, రికార్డులో ఆమె ఒంటరి కాదు.

చట్టం చేతికి రానివాళ్లు

ఫోన్ చేయాలనుకుంటే ఒక నంబరు ఉంది, 14567. దాని పేరు ఎల్డర్ లైన్. తెలుగువాళ్లు కొంత గర్వంగా చెప్పుకోదగ్గ విషయం, ఇది మొదలైంది హైదరాబాదులోనే. టాటా ట్రస్టులు, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ తెలంగాణ ప్రభుత్వంతో కలిసి నడిపిన ప్రయోగం ఇది. తర్వాత దేశమంతటికీ వ్యాపించి, 2021 అక్టోబరు 1న జాతీయ హెల్ప్‌లైన్ అయింది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. ఫోన్‌లో సలహా చెప్పి ఊరుకోదు. అవసరమైతే క్షేత్ర సిబ్బంది ఇంటికి వస్తారు, కుటుంబంతో మాట్లాడతారు, రోడ్డు మీద పడి ఉన్నవాళ్లను ఆశ్రమానికి చేరుస్తారు.

వచ్చిన ఆ మనిషి మెడలో కార్డు ఉంటుంది, చేతిలో చట్టం ఉండదు. గడప అవతల నిలబడి నడిపివాడు "ఎవరు మీరు? ఎవరు ఫోన్ చేసిన్రు?" అని అడిగితే బతిమాలాల్సిందే. బతిమాలే నేర్పు ఆ సిబ్బందిలో చాలామందికి బాగానే ఉంది, చాలా ఇళ్లు ఆ నేర్పుతోనే దారిలో పడతాయి. తలుపు వేసేసిన ఇంటి దగ్గర ఆ నేర్పు అయిపోతుంది.

చట్టంలో ఇంకో చిత్రం ఉంది. సద్భావంతో చేసిన పనికి కేసులు పెట్టకుండా 28వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అది ఎవరికి? ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు, ప్రభుత్వ అధికారులకు. ఆశక్క అధికారి కాదు. స్వచ్ఛంద సంస్థ ద్వారా వచ్చిన క్షేత్ర కార్యకర్త అధికారి కాదు. చూసిన మొదటి మనిషికి రక్షణ లేదు, చివరలో సంతకం పెట్టేవారికి ఉంది.

18వ సెక్షన్ కింద పోషణాధికారి ఒకరుంటారు. జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి గానీ ఆ హోదాకు తగ్గనివారు గానీ. కోరితే ట్రిబ్యునల్ ముందు ముసలివాళ్ల తరఫున నిలబడటం ఆయన పని. మళ్లీ అదే మాట, కోరితే. కోరడానికి ఆయన దగ్గరికి ఎవరు చేర్చాలి?

అదీ కాక, 24వ సెక్షన్ వదిలేసిపోవడం గురించి మాట్లాడుతుంది. గొడ్ల కొట్టంలో పెట్టి, ఒక పూట అన్నం పెట్టి, గోళీ ఇవ్వనివాడు అవ్వను ఎక్కడా వదిలేయలేదు. ఇంట్లోనే ఉంచుకున్నాడు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఈ లోటు గమనించింది. కొట్టడం, తిట్టడం, మనసు నొప్పించడం, డబ్బు లాక్కోవడం, పట్టించుకోకపోవడం, వదిలేయడం అన్నింటినీ హింస కింద నిర్వచించింది. కోడళ్లను, అల్లుళ్లను బాధ్యుల్లో చేర్చింది. 10,000 పరిమితి ఎత్తేసింది. ప్రతి పోలీస్ స్టేషన్లో ముసలివాళ్ల కోసం ఒక అధికారి ఉండాలంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది, సంఘం నివేదిక ఇచ్చింది, 2024లో ఆ లోక్‌సభతో పాటే బిల్లూ మురిగిపోయింది.

ఈ మధ్య మన రాష్ట్రంలో ఒక మాట వినిపించింది. 2025 అక్టోబరులో గ్రూప్-2 నియామక పత్రాలు అందజేస్తూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, తల్లిదండ్రులను పట్టించుకోని ఉద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం కోసి ఆ తల్లిదండ్రులకే ఇచ్చేలా చట్టం తెస్తామన్నారు. అస్సాంలో 2017లో ఇలాంటి చట్టం చేశారు. ఉద్యోగుల విషయంలో మంచి ఆలోచనే. కానీ మన నడిపివాడికి జీతం లేదు. రెండెకరాల పత్తి ఉంది, దాని మీద అప్పు ఉంది. కోయడానికి ఏమీ లేని ఇంట్లో అవ్వను కాపాడేదెట్లా అన్న ప్రశ్న అట్లాగే ఉంటుంది.

పక్క చట్టం నేర్పేది

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. 2005 గృహహింస చట్టం తెరవండి. భార్యల కోసమే అనుకుంటాం గానీ, ఒకే ఇంట్లో కుటుంబంగా ఉండే ఏ స్త్రీకైనా అది వర్తిస్తుంది. తల్లి, అత్త, ముసలి మేనత్త అందరూ వస్తారు. హింస చేసేవారు మగవాళ్లే అయి ఉండాలన్న మాటను 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి కొడుకు మీదనే కాదు, కోడలి మీద కూడా అవ్వ ఆ చట్టాన్ని ఆశ్రయించవచ్చు.

ఆ చట్టంలో కార్యకర్త చేతికి ఇచ్చిన మూడు పనిముట్లు చూడండి. ఒకటి, హింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా, ఆ చట్టం కింద ఉండే రక్షణాధికారికి చెప్పవచ్చు. సద్భావంతో చెప్పినవారి మీద సివిల్ కేసూ ఉండదు, క్రిమినల్ కేసూ ఉండదు. అంటే ఆశక్కకు కూడా రక్షణ ఉంది. రెండు, రక్షణాధికారి గృహ సంఘటన నివేదిక రాస్తారు. దానికి ఒక నమూనా ఉంది, దాన్ని మెజిస్ట్రేట్ తప్పక పరిగణనలోకి తీసుకోవాలి. మూడు, దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి విచారణ తేదీ పెట్టాలి. తల దాచుకోవాలంటే ఆడవాళ్ల కోసం ప్రతి జిల్లాలో సఖి కేంద్రం ఉంది, అక్కడ 5 రోజుల దాకా ఉండవచ్చు.

అమల్లో లోపాలు లేవని అనను. రక్షణాధికారుల నెత్తిన ఇంకో నాలుగు పనులు ఉంటాయి. అయినా దారి అంటూ ఒకటి ఉంది. ఇంట్లో చూసిన మనిషి నుంచి ఆదేశం ఇచ్చే మనిషి దాకా ఒక కాగితం నడుస్తుంది. 2007 చట్టంలో ఆ కాగితం లేదు. కొడుకు చేతిలో దెబ్బలు తినే తాతకు ఆ సఖి కేంద్రం కూడా లేదు.

పట్టా మారే రోజు

మన దగ్గర ముసలివాళ్ల కష్టాల్లో చాలా వాటికి మొదలు ఒకే చోట ఉంటుంది, భూమి పట్టా మారిన రోజున. 2020 నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే జరుగుతోంది. స్లాటు బుక్ చేసుకొని, పొద్దున పోయి వేలిముద్ర పెడితే పని అయిపోతుంది. పట్టా ఉన్న రైతుకు వర్తించే రైతుబీమా 59 ఏళ్ల దాకానే కాబట్టి, ఆ లెక్క చూసుకొని తండ్రి బతికుండగానే పట్టా కొడుకు పేరు మీదికి మార్చుకునే ఇళ్లూ ఉన్నాయి. దానపత్రం రాసేటప్పుడు కొడుకు పక్కనే ఉంటాడు. తర్వాత అన్నం పెట్టకపోతే?

23వ సెక్షన్ ఇందుకే ఉంది. కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని తీసుకొని, ఆ తర్వాత చూడకపోతే, ఆ బదిలీని మోసంతో జరిగినట్టు భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఆ షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఈ చట్టం ముసలివాళ్ల మేలు కోసం వచ్చింది గనుక ఉదారంగా చదవాలని, రద్దు చేసిన ఆస్తి స్వాధీనం కూడా ట్రిబ్యునల్ ఇప్పించవచ్చని చెప్పింది. రెండు తీర్పులూ కలిపి చదివితే తేలేది ఒక్కటే, షరతు రాసి ఉంటే గొడవే లేదు.

అది రాయించేదెవరు? వేలిముద్ర తీసుకునే ఆఫీసు. కొడుకును రెండు నిమిషాలు బయట కూచోమని, "తాతా, నిన్ను సాదుతడని రాయాల్నా?" అని అడగడానికి కొత్త పార్లమెంటు చట్టం అక్కర్లేదు. ముసలివాళ్లు దానం రాసే ప్రతిసారీ ఈ ప్రశ్న అడగాలి, జవాబు పత్రంలోకి ఎక్కాలి. ఆస్తి చేయి దాటాక ఇరవై మంది కార్యకర్తలు చేయలేని పని, దాటకముందు ఒక్క ప్రశ్న చేస్తుంది.

రెండు దేశాలు

మనం చట్టం చేసిన 2007లోనే, కొన్ని నెలల ముందు, స్కాట్లండ్ కూడా ఒక చట్టం చేసింది. తమను తాము కాపాడుకోలేని పెద్దవాళ్లకు అండగా ఉండే చట్టం. మనది పోషణ దగ్గర మొదలైంది, వాళ్లది తలుపు దగ్గర మొదలైంది. అక్కడ స్థానిక కౌన్సిల్ అధికారి విచారణ కోసం ఇంట్లోకి వెళ్లవచ్చు, ఆ మనిషితో ఏకాంతంగా మాట్లాడవచ్చు. అడ్డుకుంటే కోర్టు వారంటు తెచ్చుకొని పోలీసుతో కలిసి వెళ్లవచ్చు. ప్రమాదం ఉంటే గరిష్ఠంగా 7 రోజులు ఆ మనిషిని వేరే చోటుకు మార్చే ఉత్తర్వు, హింసించేవారినే ఆరు నెలల దాకా ఇంటికి దూరంగా ఉంచే ఉత్తర్వు కోర్టు ఇవ్వవచ్చు.

అంతకన్నా నాకు నచ్చింది అందులోని అదుపు. మాట్లాడటానికి వెళ్లిన అధికారి, "మీరు జవాబు చెప్పనక్కర్లేదు" అని ఆ మనిషికి ముందే చెప్పాలి. ఆ మనిషి ఒప్పుకోకపోతే ఉత్తర్వు ఇవ్వకూడదు, ఎవరో ఒత్తిడి చేసి అట్లా అనిపిస్తున్నారని తేలితే తప్ప. మేలు జరుగుతుందన్నప్పుడే కలగజేసుకోవాలి, అదీ స్వేచ్ఛకు తక్కువ అడ్డు వచ్చే పద్ధతిలో.

జపాన్ 2005లో చేసిన చట్టం పేరులోనే రెండు పనులున్నాయి, ముసలివాళ్లపై హింసను అరికట్టడం, వాళ్లను చూసుకునేవాళ్లకు సాయపడటం. అక్కడ మున్సిపాలిటీ సిబ్బంది ఇంట్లోకి వెళ్లి విచారించవచ్చు, పోలీసు సాయం అడగవచ్చు. అయితే అది నేర పరిశోధన కాదని చట్టమే చెబుతుంది.

ఆ రెండో పని మనకు చాలా ముఖ్యం. గొడ్ల కొట్టం పక్కన నిలబడి జవాబు చెప్పిన కోడలిని రాక్షసిని చేయడం సులువు. ముగ్గురు కొడుకుల వంతు ఒక్క కోడలి నడుము మీద పడిందని, ఆమె కూడా పొద్దున్నే కూలికి పోవాలని, మంచం మీద ఉన్న మనిషిని ఎట్లా పక్కకు తిప్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదని చూడకపోతే మనం సగమే చూసినట్టు. 2020లో సుప్రీంకోర్టు బెంగళూరుకు చెందిన ఒక కేసులో చెప్పింది కూడా ఈ సమతూకం గురించే. ముసలివాళ్ల రక్షణ కోసం ఇల్లు ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, దాన్ని వాడి కోడలికి గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కును మాయం చేయకూడదు అంది. కాబట్టి గడప దాటి వెళ్లే మనిషి సంచిలో ఫారం ఒక్కటే ఉంటే చాలదు, పుండు కట్టు కట్టే దూదీ ఉండాలి, మిగతా ఇద్దరు కొడుకుల ఫోన్ నంబర్లూ ఉండాలి.

భయాలు, జవాబులు

"ఇంటి ముచ్చట బజారుకెక్కుతుంది" అంటారు. ఎక్కకుండా ఉండటానికే రహస్యం పాటించాలని చట్టంలో రాయాలి, ఎవరు చెప్పారో బయటపెట్టకూడదని రాయాలి. ఇంటి పరువు కాపాడటం కోసం ఇంట్లో మనిషిని బలిపెట్టమని ఏ ధర్మమూ చెప్పదు.

"పోలీసులకు ఇంకో అధికారం ఇస్తే దానితో డబ్బులు గుంజుతారు" అంటారు. ఈ భయం ఊరికే వచ్చింది కాదు. అందుకే నేను అడిగేది పోలీసు అధికారం కాదు. మొదట వెళ్లేది శిక్షణ ఉన్న సంక్షేమ కార్యకర్త, అదీ పక్క మండలం మనిషి అయితే మేలు. తలుపు తీయకపోతేనే ట్రిబ్యునల్ ఉత్తర్వు, ఆ తర్వాతే పోలీసు. ప్రతి అడుగుకూ కాగితం ఉండాలి.

"భూమి తగాదాల్లో ఒక కొడుకు ఇంకో కొడుకు మీద దీన్ని వాడుకుంటాడు" అంటారు. వాడుకుంటాడు, నిజమే. అందుకే ముసలి మనిషితో ఒంటరిగా మాట్లాడటం తప్పనిసరి కావాలి. పెద్ద కొడుకు రాయించిన మాట, అవ్వ చెప్పిన మాట వేరు చేయగలిగేది ఆ పది నిమిషాలే.

చివరిది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. అవ్వే వద్దంటే? "నా కొడుకును ఠాణాకు ఈడ్వకు బిడ్డా, నేను ఈడ్నే సస్త" అంటే? మతి స్థిమితంగా ఉండి, ఎవరి భయమూ లేకుండా ఆమె ఆ మాట అంటే, ఆ మాటే చెల్లాలి. ముసలివాళ్లు పసిపిల్లలు కారు. పసిపిల్లలకు బాలల సంక్షేమ సమితి నిర్ణయం తీసుకున్నట్టు వీళ్ల తరఫున ఇంకొకరు నిర్ణయం తీసుకోకూడదు. ఒంటరిగా అడగాలని నేను పట్టుబట్టేది అందుకే. కోడలు వింటుండగా అన్న "మంచిగనే సూస్కుంటున్నరు" ఆమె నిర్ణయం కాదు. ఎవరూ లేనప్పుడు, ఏమేం దారులున్నాయో విన్నాక అన్నదే ఆమె నిర్ణయం. కొడుకు మీద కేసు వద్దన్న అవ్వ మడమ పుండుకు నర్సు రావద్దని అనదు. పింఛను తన చేతిలోనే ఉండాలన్నదానికీ అడ్డు చెప్పదు.

చేయవలసింది

ఇందులో కొంత ఢిల్లీ చేయాలి, కొంత హైదరాబాదు చేయాలి, కొంత మనం చేయాలి.

పార్లమెంటు చేయాల్సింది, మురిగిపోయిన బిల్లులోని హింస నిర్వచనాన్ని మళ్లీ తెచ్చి, దానికి మూడు మాటలు చేర్చడం. సమాచారం ఇచ్చినవారికి 2005 చట్టంలో ఉన్నంత రక్షణ, నియమిత కార్యకర్తకు ఇంట్లోకి వెళ్లి ఒంటరిగా మాట్లాడే అధికారం, ముసలి మనిషి అంగీకారం. ఇంట్లోకి వెళ్లే హక్కు జీవోలతో వచ్చేది కాదు, చట్టంలోనే ఉండాలి.

అప్పటిదాకా రాష్ట్రం చేతులు ముడుచుకొని కూచోనక్కర్లేదు. 32వ సెక్షన్ కింద నియమాలు చేసే అధికారం రాష్ట్రానిదే. గుర్తు పెట్టుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. ట్రిబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టవచ్చు గదా. ఆశక్క, పంచాయతీ కార్యదర్శి, ఎల్డర్ లైన్ సిబ్బంది ఎవరైనా నింపగలిగే ఒక పేజీ నివేదిక నమూనా తెచ్చి, అది అందిన ఏడు రోజుల్లోపు ట్రిబ్యునల్ దాని మీద ఏం నిర్ణయించిందో రాసి తీరాలని నియమం పెట్టవచ్చు. సాక్షులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి ట్రిబ్యునల్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఇంకా ఏయే పనులకు ఆ అధికారాలు ఉండాలో నియమాల్లో చేర్చవచ్చని 8వ సెక్షనే చెబుతోంది. ఇంటికి వెళ్లి చూసి నివేదిక ఇమ్మని ఒకరిని కమిషనర్‌గా పంపే అధికారం అక్కడ చేర్చవచ్చు. నాలుగు రోజులు తల దాచుకోవడానికి తాతలకు కూడా సఖి లాంటి చోటు జిల్లాకు ఒకటి పెట్టవచ్చు. జిల్లాకు కనీసం 150 మంది ఉండగల వృద్ధాశ్రమం గురించి 19వ సెక్షన్ 2007 నుంచీ మాట్లాడుతూనే ఉంది.

ఇక మనం చేయాల్సింది. వచ్చే గ్రామసభలో మూడు తీర్మానాలు చేయండి. మంచం పట్టిన ప్రతి ముసలి మనిషి పేరూ, వాళ్లు నలుగురి మధ్య ఉన్నా సరే, పంచాయతీలో ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. వంతులు వేసే పెద్దమనుషులు మూడు నెలలకోసారి ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడి రావాలి, వంతు తప్పిన కొడుకుకు ఫోన్ చేయాలి. తహసీల్దారు ఆఫీసులో దానపత్రాల బల్ల దగ్గర 23వ సెక్షన్ సంగతి తెలుగులో బోర్డు మీద రాయించాలని అర్జీ పెట్టాలి.

నాలుగోది మీలో ఎవరైనా ఒక్కరే చేయగలిగిన పని. సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. మన పోలీస్ స్టేషన్లో వయోవృద్ధుల జాబితా ఉందా, ఉంటే అందులో ఎంతమంది ఉన్నారు, పోయిన నెల ఎవరింటికి ఎవరు వెళ్లి వచ్చారు అని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. జాబితా ఉంటే అందులో లేని పేర్లు మీరే చెప్పండి. లేకపోతే మొదటి పేరు మీరే రాయించండి.